టవర్ లేని విమానాశ్రయంలో స్కైడైవింగ్: పైలట్ బాధ్యత ఎంతవరకు?

విశాఖపట్నం పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల వాటికి ఈ సంచికలో ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. అడిగిన వాటిలో ఎక్కువ భాగం అమెరికాకు సంబంధించినవి కాబట్టి అక్కడి నిబంధనల ప్రకారమే చెబుతున్నాను. మన దేశానికి సంబంధించిన ప్రశ్నకు వేరుగా జవాబు ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో పైలట్ శిక్షణ పూర్తిచేసి కమర్షియల్ లైసెన్సు తీసుకున్నాడు. ఎయిర్‌లైన్స్‌లో చేరడానికి కావలసిన, విమానం నడిపిన గంటలు పోగుచేసుకోవాలని, స్కైడైవింగ్ చేసేవాళ్లను పైకి తీసుకెళ్లే చిన్న సెస్నా విమానం నడుపుతున్నాడు. ఆ విమానాశ్రయంలో కంట్రోల్ టవర్ లేదట. అదేమిటని అడిగితే "మేమే రేడియోలో చెప్పుకుంటాం అమ్మా" అంటాడు. మన విశాఖలో విమానం కదలాలన్నా టవర్ అనుమతి కావాలి కదా, అక్కడ ఎవరూ చూడకుండా మనుషుల్ని ఎలా దూకనిస్తారు? జరగరానిది ఏదైనా జరిగితే తప్పు మా వాడి మీదికే వస్తుందా?
— ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అమెరికా విమానయాన నిబంధనల్లో పారాచూట్ దూకుళ్ల కోసమే 105వ భాగం ఉంది. గాలిలో ఉన్న ఇతర విమానాలకు గానీ, నేల మీద ఉన్న మనుషులకూ ఆస్తులకూ గానీ ప్రమాదం కలిగే విధంగా ఎవరూ దూకకూడదని, పైలట్ కూడా అలా దూకనివ్వకూడదని అందులో స్పష్టంగా రాశారు. ఆ తర్వాత వచ్చే నిబంధనల్లో చాలావాటిలో ఇదే పద్ధతి కనిపిస్తుంది. మేఘాలకు దగ్గరగా దూకడం దూకేవారి తప్పు, దూకనివ్వడం పైలట్ తప్పు. మద్యం మత్తులో ఉన్నట్లు కనిపించే మనిషిని దూకనిస్తే ఇద్దరూ దోషులే. చాలామందికి ఆశ్చర్యంగా తోచేది ఇంకొకటి ఉంది: దూకే వ్యక్తి వీపు మీది రిజర్వ్ పారాచూట్‌ను, అంటే ప్రధాన పారాచూట్ పనిచేయకపోతే తెరిచేదాన్ని, లైసెన్సు ఉన్న రిగ్గర్ (పారాచూట్లు మడతపెట్టే నిపుణుడు) గడచిన 180 రోజుల లోపల మడతపెట్టి ఉండాలి, ఆ గడువు దాటిన పారాచూట్‌తో దూకనిస్తే దానికి కూడా పైలట్ జవాబు చెప్పుకోవాలి. కాబట్టి తప్పంతా మీ అబ్బాయి మీదికి రాదు, అయితే ఏ తప్పు జరిగినా అతన్ని ప్రశ్నించకుండా వదలరు. విచారణలో మొదట బల్ల మీదికి వచ్చేది అతని లైసెన్సే.

ఇక ఎవరూ చూడడం లేదన్న మీ భయం గురించి. అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు దాదాపు 5,000 ఉంటే, టవర్ ఉన్నవి 500 పైచిలుకు మాత్రమే. మిగిలినచోట్ల దిగే విమానాలూ లేచే విమానాలూ ఒకే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో తమ స్థానం, తమ ఉద్దేశం ప్రకటించుకుంటూ, కళ్లతో చూసుకుంటూ నడుచుకుంటాయి. మీ అబ్బాయి చెప్పింది దీని గురించే. అయితే స్కైడైవింగ్ విమానం పని అంతటితో అయిపోదు. టవర్ లేని విమానాశ్రయం మీద దూకాలంటే ముందుగా ఆ విమానాశ్రయ యాజమాన్యం ఒప్పుకోవాలి. విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ కేంద్రానికి కనీసం గంట ముందు, 24 గంటలకు మించకుండా, సమాచారం ఇవ్వాలి. విమానాశ్రయంలో టవర్ లేకపోయినా దాని మీది ఆకాశం సాధారణంగా ఎక్కడో దూరాన రాడార్ ముందు కూర్చున్న కంట్రోలర్ అజమాయిషీలోనే ఉంటుంది కాబట్టి, దూకడం మొదలవడానికి కనీసం ఐదు నిమిషాల ముందు పైలట్ ఆ కంట్రోలర్‌తో మాట కలిపి చుట్టుపక్కల ఏ విమానాలు ఉన్నాయో తెలుసుకోవాలి, చివరి మనిషి దూకాక ఆ సంగతి కూడా చెప్పాలి. ఆ సమయమంతా ఒక చెవి కంట్రోలర్ ఫ్రీక్వెన్సీ మీద, ఇంకో చెవి విమానాశ్రయ ఉమ్మడి ఫ్రీక్వెన్సీ మీద ఉంచాల్సిందే.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన భ్రమకు చోటుంది. కంట్రోలర్ "నాకు ట్రాఫిక్ ఏదీ కనిపించడం లేదు" అంటే ఆకాశం ఖాళీగా ఉందని అర్థం కాదు, అతని తెర మీద ఏదీ లేదని మాత్రమే. రాడార్‌కు తన ఉనికి తెలిపే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం లేని గ్లైడరో, రేడియో కూడా లేని పాతకాలపు విమానమో అక్కడి చిన్న విమానాశ్రయాల దగ్గర చట్టబద్ధంగానే ఎగురుతుంటుంది. దాన్ని చూడవలసింది కాక్‌పిట్‌లో ఉన్న కళ్లే. పైలట్ చూడగలిగేది కూడా పక్కలూ ముందూ మాత్రమే, దూకేవారు పడబోయే చోటు సరిగ్గా అతని విమానం పొట్ట కిందే ఉంటుంది. అందుకే తలుపు తెరిచాక దూకేవారు తల బయటపెట్టి కిందికి చూడడం, నేల మీద ఒకరు రేడియో పట్టుకుని ఆకాశం గమనిస్తూ అవసరమైతే ఆపమని చెప్పడం ఆ పనిలో విడదీయరాని భాగాలు. నేల మీద అలాంటి మనిషి ఉన్నాడో లేడో మీ అబ్బాయిని తప్పక అడగండి.

దూకే క్షణాల్లో పైలట్ చేసే పని చూస్తే ఈ ఉద్యోగం ఎంత ఏకాగ్రత కోరుతుందో అర్థమవుతుంది. సెస్నా 182 లాంటి విమానంలో తలుపు తెరిచాక ఒక మనిషి బయటికి వంగి రెక్కకు ఊతంగా ఉండే కడ్డీ పట్టుకుని, చక్రం మీద బిగించిన చిన్న మెట్టు మీద కాలు పెడతాడు. కాలు తగిలినప్పుడు చక్రం తిరిగితే అతను జారిపోతాడు కాబట్టి పైలట్ ఆకాశంలోనే బ్రేకు తొక్కి పట్టుకుంటాడు. విమానం వేగం బాగా తగ్గించి ఉంటుంది, బయట నిలబడిన శరీరం గాలిని అడ్డుకుంటుంది, లోపలివాళ్లు తలుపు వైపు జరుగుతారు. పెద్ద విమానాల్లో తలుపు తోక దగ్గర ఉంటుంది కాబట్టి పది మంది ఒక్కసారిగా వెనక్కి చేరితే బరువంతా తోకవైపు వెళ్లి ముక్కు పైకి లేస్తుంది, వేగం ఇంకా పడిపోతుంది, చివరికి రెక్కలు విమానాన్ని మోయలేని స్టాల్ స్థితి వస్తుంది. ఒకేసారి తలుపు దగ్గర ఎందరు నిలబడవచ్చో నేల మీదే తేల్చుకుని, ఆ సంఖ్య దాటితే దూకనివ్వని పైలటే మంచి పైలట్.

2025 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, టల్లీ విమానాశ్రయం మీద జరిగింది ఇందుకు దగ్గరి ఉదాహరణ. సెస్నా కారవాన్ విమానం 15,000 అడుగుల ఎత్తులో ఉండగా, బయటికి వస్తున్న ఒకరి రిజర్వ్ పారాచూట్ హ్యాండిల్ రెక్క వెనుక అంచున ఉండే ఫ్లాప్ అనే పలకకు తగులుకుని పారాచూట్ తెరుచుకుంది. అది అతన్ని వెనక్కి లాగి తోకకు చుట్టుకుంది, అతను విమానం వెనుక వేలాడాడు. ముక్కు ఒక్కసారిగా పైకి లేచి వేగం పడిపోయేసరికి పైలట్ మొదట స్టాల్ అయిందనే అనుకున్నాడు. వేలాడుతున్న వ్యక్తి తన దగ్గరున్న హుక్ కత్తితో పదకొండు తాళ్లు కోసుకుని విడిపడి, ప్రధాన పారాచూట్ తెరిచి ప్రాణాలతో దిగాడు. పైలట్ దెబ్బతిన్న తోకతో, అవసరమైతే తానూ దూకేందుకు సిద్ధమై, విమానాన్ని క్షేమంగా దించాడు. అతను అత్యవసర పారాచూట్ కట్టుకుని ఉన్నాడు. మీ అబ్బాయి కూడా కట్టుకుంటాడో లేదో అడగండి, ఉక్కగా ఉందనో ఇరుకుగా ఉందనో వదిలేసేవాళ్లు ఉంటారు. ఆ ఘటనపై అక్కడి దర్యాప్తు సంస్థ ఇంకొక మాట కూడా రాసింది: ఆ లోడ్, అంటే ఆ విడతలో ఎక్కించుకున్న మనుషుల బరువు, విమానం బరువు, సమతుల్య పరిమితుల లోపల ఉందో లేదో పైలటూ నిర్వాహకులూ సరిచూసుకోలేదని.

బరువు ఎక్కడ ఉందన్నది ఎంత పెద్ద విషయమో హవాయిలోని డిల్లింగ్‌హాం దుర్ఘటన చెబుతుంది. అదీ టవర్ లేని విమానాశ్రయమే. 2019 జూన్ 21న స్కైడైవర్లతో లేచిన కింగ్ ఎయిర్ విమానం క్షణాల్లో కూలి, అందులో ఉన్న 11 మందీ చనిపోయారు. పైలట్ టేకాఫ్‌లోనే దూకుడుగా చేసిన విన్యాసం వల్ల విమానం స్టాల్ అయిందని, తిరిగి అదుపు చేసుకునేంత ఎత్తు లేదని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. బరువు వెనుక పరిమితికి దగ్గరగా ఉండడం, ఆ స్థితిలో నడపడానికి పైలట్‌కు తగిన శిక్షణ లేకపోవడం, విమానాన్ని నిర్వాహకులు ఎగరదగిన స్థితిలో ఉంచకపోవడం, ఇలాంటి కార్యకలాపాలపై ప్రభుత్వ పర్యవేక్షణ చాలకపోవడం కూడా కారణాలేనని చెప్పింది. అంతకు ముందు 2008లోనే ఇదే మండలి ఒక ప్రత్యేక నివేదికలో, 1980 నుంచి స్కైడైవింగ్ విమానాల ప్రమాదాలు 32 జరిగి 172 మంది మరణించారని, వారిలో ఎక్కువమంది దూకడానికి వచ్చినవారేనని లెక్క చెప్పి, విమానాల నిర్వహణ, పైలట్ల శిక్షణ మెరుగుపడాలని కోరింది. పదకొండేళ్ల తర్వాత జరిగిన ప్రమాదం గురించి కూడా అదే లోపం మళ్లీ రాయవలసి రావడం నన్ను బాధపెడుతుంది. వీటిలో చనిపోయినవాళ్లు పారాచూట్ తెరుచుకోక చనిపోలేదు, విమానంలో ఉండగా చనిపోయారు.

నా అభిప్రాయంలో ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద శత్రువు తొందర. చాలాచోట్ల పైలట్లకు లోడ్‌కు ఇంత అని కడతారు. ఇంకో ఇద్దరిని ఎక్కించుకోవడానికి ఇంధనం తక్కువగా పోసుకోవడం, దూకినవారికన్నా ముందే కిందికి చేరి తరువాతి లోడ్ ఎక్కించుకోవాలని ముక్కు దించి దూసుకురావడం, మేఘాల మధ్య చిన్న సందు కనిపిస్తే చాలనుకోవడం అక్కడి నుంచే పుడతాయి. మేఘాల విషయంలో నియమానికి రెండు అర్థాలు లేవు: 10,000 అడుగుల లోపు కనీసం మూడు మైళ్ల దూరం కనిపించాలి, మేఘానికి 500 అడుగులు కిందగా, 1,000 అడుగులు పైగా, పక్కకు 2,000 అడుగుల దూరంగా ఉండాలి. అంతకు పైన ఐదు మైళ్లు కనిపించాలి, పైనా కిందా 1,000 అడుగులు, పక్కకు ఒక మైలు ఎడం ఉండాలి. మీరు ఫోనులో మాట్లాడేటప్పుడు జాగ్రత్త నాయనా అనడంతో ఆగకుండా, ఎక్కించుకున్నవాళ్లను దూకనివ్వకుండా తిరిగి దించిన సందర్భం ఎప్పుడైనా ఉందా, అప్పుడు యజమాని ఏమన్నాడు అని అడగండి. అలా దించినందుకు యజమాని మొహం మాడ్చుకోలేదని అతను చెబితే మీకు కొంత ఊరట దొరుకుతుంది. దించినందుకు డబ్బు కోశారని చెబితే వేరే చోట పని చూసుకోమని చెప్పడానికి వెనుకాడకండి. గంటలు ఇంకోచోట కూడా వస్తాయి.

ప్రశ్న: 2025 జనవరిలో ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి పారాచూట్లు ఒకదానికొకటి చిక్కుకుని వాళ్లు సముద్రంలో పడ్డారు. పడవలో ఉన్న సిబ్బంది వెంటనే కాపాడారు. ఇలాంటివాటిలో విమానం నడిపేవారికి పాత్ర ఉంటుందా? మన ఊళ్లో మామూలు జనానికీ స్కైడైవింగ్ పెట్టడం సాధ్యమేనా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: పారాచూట్లు తెరుచుకున్నాక వాటిని నడిపేది దూకినవారే కాబట్టి, గాలిలో రెండు చిక్కుకోకుండా చూసుకోవడం ప్రధానంగా వారి నైపుణ్యం మీదే ఆధారపడుతుంది. పైలట్ సాయపడగలిగేది వారు దూకక ముందే: ఎక్కడ దూకాలి, ఒకరి తర్వాత ఒకరు ఎంత ఎడంతో దూకాలి అన్నదాంట్లో. నేలకు సంబంధించి విమానం 90 నాట్ల (గంటకు సుమారు 167 కిలోమీటర్ల) వేగంతో కదులుతుంటే 300 మీటర్ల ఎడం కావడానికి ఆరున్నర సెకన్లు చాలు. ఎదురుగాలి బలంగా ఉండి ఆ వేగం 60 నాట్లకు పడిపోతే అదే ఎడానికి సుమారు పది సెకన్లు ఆగాలి. ఈ వేగం జీపీఎస్‌లో చూసి చెప్పవలసింది పైలట్. మన బీచ్‌లో పడవ సిద్ధంగా ఉండడం అదృష్టం వల్ల జరిగింది కాదు, నీటి పక్కన దూకించేటప్పుడు తప్పనిసరిగా చేసుకోవలసిన ఏర్పాటు. ప్రాణం నిలిపింది అదే.

రెండో ప్రశ్నకు వస్తే, విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా అనే వైమానిక స్థావరం. పౌర విమానాలు అందులోని ప్రత్యేక భాగం నుంచి నడుస్తాయి, ట్రాఫిక్ నియంత్రణ నౌకాదళం చేతిలో ఉంది. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి, నౌకాదళంతో సమన్వయం లేకుండా ఈ ఆకాశంలో ఎవరూ దూకలేరు, దూకకూడదు కూడా. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు, మధ్యలో యుద్ధ విమానాలూ ప్రయాణికుల విమానాలూ తిరిగే ఊళ్లో వినోదం కోసం దూకుళ్లు పెట్టడం తగదనే నా అభిప్రాయం.

ప్రశ్న: నేను పైలట్ శిక్షణకు అమెరికా వెళ్లబోతున్నాను. సోలో విమానంలో టవర్ లేని విమానాశ్రయానికి వెళ్తుండగా స్కైడైవర్లు దూకుతున్నారని రేడియోలో వింటే నేనేం చేయాలి? దూకబోతున్నామని వాళ్లు ప్రకటించారు కాబట్టి దారి వాళ్లదేనా? ఒకవేళ ఢీకొంటే తప్పు ఎవరిది?
— ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: రేడియో ప్రకటన వల్ల ఎవరికీ ఆకాశం మీద హక్కు రాదు. స్కైడైవింగ్ పైలట్ తన ప్రకటన చేశాక కూడా కింద మీ విమానం కనిపిస్తే దూకడం ఆపాలి. మీరు ఆ ప్రకటన విన్నాక కూడా విమానాశ్రయం నడినెత్తి మీదుగా వెళ్తే, ఇతర విమానాలకు ప్రమాదం కలిగేంత దగ్గరగా ఎగరకూడదన్న నియమాన్ని, నిర్లక్ష్యంగా నడపకూడదన్న నియమాన్ని మీరు ఉల్లంఘించిన వారవుతారు. ఇద్దరూ తప్పుకోవలసినవారే, ఒకరు తప్పుకోలేదన్నది ఇంకొకరికి సాకు కాదు.

అయితే మీరు గుర్తుంచుకోవలసింది నియమాల కన్నా కాలం. స్వేచ్ఛగా పడుతున్న మనిషి గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో, ఐదున్నర సెకన్లకు వెయ్యి అడుగుల చొప్పున కిందికి వస్తాడు. 13,000 అడుగుల నుంచి పారాచూట్ తెరిచే ఎత్తు వరకు ఇంచుమించు నిమిషం. ఆకాశంలో అతను మీకు నల్లటి చుక్కలా కూడా కనిపించకపోవచ్చు, అతనికి మిమ్మల్ని చూసి పక్కకు తప్పుకునే వీలూ అంతంత మాత్రమే. ఆపైన రంగురంగుల పారాచూట్లు నాలుగైదు నిమిషాల పాటు దిగుతుంటాయి. కాబట్టి రేడియోలో "రెండు నిమిషాల్లో దూకుతున్నారు" అన్న మాట వినగానే మీరు లెక్కించుకోవలసింది రెండు నిమిషాలు కాదు, ఆఖరి పారాచూట్ నేలకు తగిలే దాకా, అంటే దాదాపు పది నిమిషాలు.

బయలుదేరే ముందే మ్యాపులో పారాచూట్ గుర్తు ఉందేమో చూసుకోండి, విమానాశ్రయాల వివరాల పుస్తకంలో ఎక్కడ, ఏ ఎత్తు నుంచి దూకుతారో రాసి ఉంటుంది. ఎనిమిది, పది మైళ్ల దూరం నుంచే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో మీ స్థానం చెప్పండి. ప్రతి ప్రకటన మొదట్లోనూ చివర్లోనూ విమానాశ్రయం పేరు పలకండి, ఎందుకంటే ఒకే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల మూడు నాలుగు విమానాశ్రయాలు పంచుకుంటాయి, మొదట పేరు వినలేనివారికి చివర పేరు ఆసరా. గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి: పారాచూట్లు గాలితో పాటు కొట్టుకొస్తాయి కాబట్టి దూకేచోటు రన్‌వేకు గాలి వచ్చే వైపున ఉంటుంది, ఆ వైపుకు అసలు పోవద్దు. రన్‌వే నడిమీదుగా దాటి సర్క్యూట్‌లో (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) చేరే పద్ధతిని మీకు నేర్పి ఉంటారు, స్కైడైవింగ్ జరిగే చోట దాన్ని పక్కనపెట్టి, గాలి పోయే వైపు నుంచి బయటే ఆగి, ఖాళీ అయ్యాక చేరండి. స్కైడైవింగ్ విమానం తాను కూడా నిటారుగా దిగివస్తుందని, దాని పైలట్ చూపు రన్‌వే మీద ఉండవచ్చని మరవకండి.

చూపు ఎంత తేలిగ్గా తప్పుతుందో 2013 నవంబరు 2న విస్కాన్సిన్ రాష్ట్రంలోని సుపీరియర్‌లో రుజువైంది. ఒకే జట్టుకు చెందిన రెండు సెస్నాలు, ఒకదాని వెంట ఒకటి వెళ్తూ, దూకడానికి సిద్ధమవుతున్న సమయంలో సుమారు 12,000 అడుగుల ఎత్తులో ఢీకొన్నాయి. అంత దగ్గర తెలిసినవారి మధ్యే అలా జరిగింది. తొమ్మిది మంది స్కైడైవర్లూ పారాచూట్లతో బయటపడ్డారు, ఒక పైలట్ తన అత్యవసర పారాచూట్‌తో దిగాడు, రెండో పైలట్ దెబ్బతిన్న విమానాన్ని దించగలిగాడు. అందరూ బతికారు. మీ శిక్షణ విమానంలో మీ వీపు మీద పారాచూట్ ఉండదు.

ప్రశ్న: వచ్చే వేసవిలో మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని అమెరికాలో టాండెం దూకుడుకు తీసుకెళ్తామంటున్నారు. బోధకుడికి కట్టేసి దూకిస్తారట. విమానం సంగతి మాలాంటి వాళ్లకు ఏం తెలుస్తుంది, మేమేమైనా గమనించగలమా?
— దంపతులు, పెందుర్తి

జవాబు: గమనించగలిగినవి ఉన్నాయండీ. స్కైడైవింగ్ విమానంలో సీట్లు తీసేసి నేల మీదే కూర్చోబెట్టవచ్చు, దానికి నియమం ఒప్పుకుంటుంది, కానీ నేల మీద కూర్చున్నా టేకాఫ్ సమయంలో మిమ్మల్ని బెల్టుతో కట్టి ఉంచాలి. బెల్టు పెట్టకుండా విమానం కదిలితే ఆపమని గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి. మీ బరువు అడిగినప్పుడు బట్టలతో, బూట్లతో ఉన్నదున్నట్లు చెప్పండి. పైలట్ ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకునేది ఆ అంకెలతోనే, అందరూ నాలుగైదు కిలోలు దాచితే ఆయన లెక్క తప్పుతుంది.

పైకి వెళ్లాక మేఘాల వల్లో, కింద వేరే విమానం ఉండడం వల్లో, గాలి పెరగడం వల్లో దూకనివ్వకుండా దించేస్తే నిరాశపడకండి, వాదించకండి. అలా దిగేటప్పుడు తలుపు మూస్తారు, విమానం కూడా మామూలు కన్నా నెమ్మదిగా దిగుతుంది. మీ బోధకుడి సంచిలో, నిర్ణీత ఎత్తులో వేగంగా పడుతున్నట్లు పసిగడితే రిజర్వ్ పారాచూట్‌ను తనంతట తానే తెరిచే యంత్రం ఉంటుంది. విమానం మరీ వేగంగా దిగితే ఆ యంత్రం మనిషి పడిపోతున్నాడనుకుని విమానంలోనే పారాచూట్ తెరిచే ప్రమాదం ఉంది. అందుకే పైలట్ నిదానంగా దింపుతాడు. టికెట్టు డబ్బు తిరిగి ఇస్తారా, ఇంకో రోజు రమ్మంటారా అన్నది మాత్రం ముందే అడిగి రాయించుకోండి.